మౌంటెన్ బైకు పెడళ్ళు: హోసూరు, కృష్ణగిరి నేల మీద ఫ్లాట్, క్లిప్‌లెస్ ఎంపిక

మౌంటెన్ బైకుకు బిగించే పెడళ్ళు ప్రధానంగా రెండు రకాలు. పాదాన్ని ఊరికే ఆనించి తొక్కే వెడల్పాటి పలక మొదటిది; దీన్ని ఫ్లాట్ పెడల్ అంటారు. రెండోది క్లిప్‌లెస్ పెడల్. ఇందులో బూటు అడుగున బిగించిన క్లీట్ అనే చిన్న లోహపు ముక్క పెడల్‌లోని స్ప్రింగు దవడల మధ్య టక్కున ఇరుక్కుంటుంది. మడమను పక్కకు తిప్పితే ఊడివస్తుంది. ఏది మేలన్న ప్రశ్నకు అన్నిచోట్లా చెల్లే జవాబు లేదు. తొక్కే నేల, వెళ్ళే దూరం, కాలికి వేసుకునే బూటు, ఈ మూడూ కలిసి జవాబును తేలుస్తాయి. తమిళనాడు ఉత్తరపు అంచున ఉన్న హోసూరు, కృష్ణగిరి నేల మీద, ముఖ్యంగా మూకండపల్లి నుంచి బయల్దేరే సైక్లిస్టు వైపు నుంచి ఈ వ్యాసం ఆ ప్రశ్నను చూస్తుంది.

నేల తీరు

మూకండపల్లి ఒకప్పుడు హోసూరు పక్కన విడిగా ఉన్న పల్లె. ఇప్పుడు హోసూరు నగరపాలికలో కలిసిపోయిన పారిశ్రామిక పేట. 44వ నంబరు జాతీయ రహదారి, సిప్‌కాట్ పారిశ్రామికవాడ, వాటి చుట్టూ లేతులు, సీఎన్‌సీ యంత్రాలు తిరిగే చిన్న చిన్న వర్క్‌షాపులు, షిఫ్టు మారే వేళకు రోడ్డు నిండా సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు. తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే టీ కొట్టు దగ్గర వినిపించే చోటు ఇది. పెడల్ ఇక్కడి పరిశ్రమకు కొత్త వస్తువు కాదు. 1980లో టీవీఎస్ సంస్థ హోసూరు నుంచి విడుదల చేసిన టీవీఎస్ 50 మోపెడ్‌కు తొక్కి స్టార్టు చేసే పెడళ్ళు ఉండేవి. దేశంలో ఇద్దరు కూర్చుని వెళ్ళగలిగిన తొలి మోపెడ్‌గా దానికి పేరు.

హోసూరు సముద్రమట్టానికి సుమారు 880 మీటర్ల ఎత్తున, మైసూరు పీఠభూమి అంచున ఉంది. కృష్ణగిరి పట్టణం దాదాపు 500 మీటర్ల ఎత్తునే ఉంటుంది. బ్రిటిషు కాలపు సేలం జిల్లాలో హోసూరు వైపును బాలాఘాట్ అని, కృష్ణగిరి వైపును బారామహల్ అని వేరుగా లెక్కించడానికి ఈ ఎత్తు తేడాయే కారణం. ధర్మపురి జిల్లా నుంచి విడదీసి 2004లో ఏర్పాటు చేసిన కృష్ణగిరి జిల్లాలోనే ఇప్పుడు రెండూ ఉన్నాయి. సైక్లిస్టుకు ఈ ఎత్తు తేడా అర్థం తేలిక: పడమర నుంచి తూర్పుకు వెళ్తే దిగుడు, తిరిగొచ్చేటప్పుడు ఎగుడు.

ఎర్రమట్టి, దాని మీద రాలిన గరుకు గులకరాయి, మధ్య మధ్యలో నేలలోంచి పొడుచుకువచ్చిన నగ్నమైన రాతి బండలు. కృష్ణగిరి జిల్లా గ్రానైట్ క్వారీలకు పేరుపొందింది. ఆ రాయే కాలిబాటల్లోనూ పైకి తేలి కనిపిస్తుంది. రాగి చేలు, గులాబీ తోటల మధ్య బండిదారులు, నీలగిరి తోపులు, కెలవరపల్లి జలాశయం చుట్టూ మట్టి కట్టలు, చంద్రచూడేశ్వర స్వామి కొండ, రాయకోట దుర్గం, శూలగిరి వైపు గుట్టలు. పొడి నెలల్లో ఈ నేల గట్టిగా, జారుడుగా ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు, నవంబరుల్లో అదే ఎర్రమన్ను టైరుకూ బూటుకూ ముద్దలు ముద్దలుగా పట్టుకుంటుంది. దారి పొడుగునా పల్లేరుకాయలు, తుమ్మముళ్ళు. పంక్చరయినచోట దిగి, సైకిలును తోసుకుంటూ నడవని మౌంటెన్ బైకరు ఈ ప్రాంతంలో ఉండడు. పెడల్ ఎంపికలో ఈ నడకను లెక్కలోకి తీసుకోవాలి. విదేశీ సలహాలన్నీ ఎక్కువగా తొక్కడం గురించే మాట్లాడతాయి. ఇక్కడ నడవడం కూడా సవారీలో భాగమే.

తళి, డెంకణికోట, అంచెట్టి వైపు వెళ్తే అడవి మొదలవుతుంది. 2014లో సుమారు 500 చదరపు కిలోమీటర్లతో కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యాన్ని, 2022లో కావేరి దక్షిణ అభయారణ్యాన్ని ప్రకటించారు. కర్ణాటకలోని బన్నేరుఘట్ట నుంచి వచ్చే ఏనుగుల గుంపులు రాగి కోతల కాలంలో డెంకణికోట, శూలగిరి పరిసరాల్లోకి దిగుతాయి. ఆంధ్రప్రదేశ్‌లోని కుప్పం, పలమనేరు అడవులకు 1980ల్లో ఏనుగులు వచ్చి స్థిరపడింది కూడా ఈ అడవుల నుంచే. అటవీ శాఖ అనుమతి లేకుండా రిజర్వు అడవిలోకి సైకిలు తీసుకుపోకూడదు. ఏ పెడలూ ఈ నియమానికి ప్రత్యామ్నాయం కాదు. ఊళ్ళను కలిపే మట్టిదారులు, చెరువు కట్టలు, గుట్టల అంచులు చాలినంత ఉన్నాయి.

రెండు పెడళ్ళ పుట్టుక

కాలిని పెడల్‌కు కట్టేయాలన్న కోరిక సైకిలంత పాతది. పందొమ్మిదో శతాబ్దం చివరికే పాదం ముందుభాగాన్ని పట్టే లోహపు కొక్కేలు, వాటికి తోలు పట్టీలు వచ్చాయి. వాటినే టో క్లిప్పులు అంటారు. 1895లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌కు చెందిన చార్లెస్ హాన్సన్, ఆ కొక్కెం అక్కర్లేకుండా పాదాన్ని తిప్పితే పట్టుకుని, మళ్ళీ తిప్పితే విడిచే పెడల్‌కు పేటెంటు పొందాడు. కొక్కెం పోయింది గనుకనే ఈ జాతి పెడళ్ళకు క్లిప్‌లెస్ అన్న పేరు నిలిచింది. 1970ల మొదట్లో ఇటలీకి చెందిన చినెల్లి సంస్థ ఎం71 అనే పెడల్ తెచ్చింది. దాన్నుంచి కాలు బయటికి రావాలంటే వంగి చేత్తో మీట కదపాల్సివచ్చేది; ట్రాక్ మీద తప్ప ఎక్కడా పనికిరాలేదు.

మలుపు తిప్పింది ఫ్రాన్సులోని లుక్ సంస్థ. మంచు మీద జారే స్కీలకు బూటును పట్టే బిగింపులు తయారుచేసే ఆ సంస్థ అదే సూత్రాన్ని 1984లో సైకిల్ పెడల్‌కు దింపింది. పడబోతున్నప్పుడు స్కీ ఊడిపోవాలి, మామూలప్పుడు ఊడకూడదు. పెడల్‌కూ కావలసింది అదే. 1985లో బెర్నార్డ్ ఇనో ఆ పెడళ్ళతోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. అయితే లుక్ క్లీట్ బూటు అడుగు నుంచి బయటికి పొడుచుకు వచ్చేది. రోడ్డు పందెగాడు సైకిలు దిగి నడవడు గనుక అతనికి చిక్కులేదు. మట్టిదారిలో అది కుదరదు.

ఆ లోటును 1990లో జపాన్‌కు చెందిన షిమానో ఎస్‌పీడీ విధానంతో తీర్చింది. క్లీట్‌ను చిన్నది చేసింది, రెండే మరలతో బిగించింది, బూటు అడుగు రబ్బరులోకి గుంటగా దించింది, పెడల్‌కు రెండు వైపులా దవడలు పెట్టింది. నడవొచ్చు, ఏ వైపున కాలు వేసినా బిగుసుకుంటుంది. ఈనాటికీ మౌంటెన్ బైకు క్లిప్‌లెస్ పెడళ్ళు దాదాపు అన్నీ ఈ రెండు మరల అమరికనే అనుసరిస్తున్నాయి. 2001లో అమెరికా సంస్థ క్రాంక్‌బ్రదర్స్ తెచ్చిన ఎగ్‌బీటర్ నాలుగు వైపులా పట్టుకునేలా, బురద జారిపోయేలా నాలుగు రెక్కలతో వచ్చింది.

ఫ్లాట్ పెడల్ చరిత్ర ఇంత వరుసగా ఉండదు. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ తదితరులు పాత బరువు సైకిళ్ళ మీద రీప్యాక్ అనే కొండ దిగుడు పందేలు మొదలుపెట్టినప్పుడు వాడినవి మామూలు పలక పెడళ్ళే. తర్వాత బీఎంఎక్స్ కుర్రాళ్ళు పలకను వెడల్పు చేశారు, పళ్ళు పెట్టారు. ఆపైన డౌన్‌హిల్ పందేలు దాన్ని పలచన చేసి, మధ్యలో కాస్త లోతు తీసి, సూదుల్లాంటి పిన్నులు నాటాయి. ఈ పెడల్ మర్యాద నిలిపినవాడు ఆస్ట్రేలియాకు చెందిన సామ్ హిల్. పక్కవాళ్ళలో ఎక్కువమంది క్లిప్‌లెస్‌కు మారిన కాలంలో ఆయన ఫ్లాట్ పెడళ్ళ మీదే 2006, 2007, 2010 డౌన్‌హిల్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లు గెలిచాడు. ఎత్తులు ఎక్కుతూ దిగుతూ సాగే ఎండ్యూరో వరల్డ్ సిరీస్‌నూ 2017, 2018, 2019లో వరసగా మూడేళ్ళు గెలిచాడు. ఫ్లాట్ అంటే నేర్చుకునేవాళ్ళ పెడల్ మాత్రమే అనే మాటకు ఈ ఫలితాల తర్వాత ఆధారం లేదు. మరోవైపు ఒలింపిక్స్‌లో జరిగే క్రాస్‌కంట్రీ పందెంలో క్లిప్‌లెస్ తప్ప మరొకటి కనబడదు. పది సార్లు ప్రపంచ చాంపియన్ అయిన స్విట్జర్లాండ్ రైడర్ నీనో షూర్టర్ పోటీ పడింది ఈ విభాగంలోనే. మన దక్షిణాదిలోనే ఈ విభాగం అంతర్జాతీయ పోటీ జరిగింది 2023 అక్టోబరులో, కేరళలోని పొన్ముడి కొండల్లో నిర్వహించిన ఆసియా మౌంటెన్ బైకు చాంపియన్‌షిప్‌లో.

కాలును పైకి లాగితే బలం వస్తుందా?

క్లిప్‌లెస్ గురించి సైకిలు దుకాణాల్లో ఎక్కువగా వినిపించే మాట: కాలు పైకి లేచేటప్పుడు కూడా పెడల్‌ను లాగొచ్చు, అందువల్ల చాలా శక్తి ఆదా అవుతుంది. ఈ మాటను ప్రయోగశాలల్లో చాలాసార్లు పరీక్షించారు. 2007లో థామస్ కోర్ఫ్ బృందం అనుభవజ్ఞులైన సైక్లిస్టుల చేత నాలుగు పద్ధతుల్లో తొక్కించింది: అలవాటైన తీరు, గుండ్రంగా తిప్పడం, పైకి లాగడం, కిందికి నొక్కడం. పైకి లాగినప్పుడు పెడల్ మీద బలం పడే దిశ మెరుగైంది గాని, అదే పనికి శరీరం ఎక్కువ శక్తిని ఖర్చు చేసింది. లాగే కండరాలు ఆ పనికి పుట్టినవి కావు. మిగతా మూడు పద్ధతుల కంటే పైకి లాగడంలోనే పొదుపు తక్కువ.

అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో రోజర్ క్రామ్, ఆషర్ స్ట్రా 2016లో ప్రచురించిన అధ్యయనం ఇంకా సూటిగా ఉంది. పరుగు బూట్లతో ఫ్లాట్ పెడల్, పరుగు బూట్లతో టో క్లిప్పు, గట్టి అట్ట బూట్లతో క్లిప్‌లెస్. ఓ మోస్తరు వేగంతో నిలకడగా తొక్కినప్పుడు మూడింటికీ శరీరం ఖర్చు చేసే శక్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆదివారం తెల్లవారుజామున బాగలూరు వైపు రెండు గంటలు తిరిగొచ్చే మనిషికి ఇదే వర్తిస్తుంది. క్లిప్‌లెస్ కొంటే అలుపు తగ్గుతుందన్న ఆశతో డబ్బు పెట్టవద్దు.

అయితే అదే ప్రయోగశాల నుంచి 2020లో వచ్చిన మరో అధ్యయనం రెండో వైపును చూపింది. ఆరుబయట, సర్వశక్తులూ ఒడ్డి చిన్న దూరం దూసుకుపోయే స్ప్రింటులో, పరుగు బూట్లతో ఫ్లాట్ పెడల్ తొక్కినప్పటి కంటే గట్టి బూట్లతో క్లిప్‌లెస్ తొక్కినప్పుడు గరిష్ఠ శక్తి సుమారు 16 శాతం పెరిగింది. పందెంలో చివరి వంద మీటర్లకు ఇది నిర్ణాయకం. ఒక షరతు మరచిపోకూడదు: ఆ పోలికలో ఫ్లాట్ పక్షాన నిలబడింది మెత్తటి పరుగు బూటు. పిన్నులున్న పెడల్, జిగురు రబ్బరు అడుగున్న బూటు జతగా పోటీలో లేవు.

క్లిప్‌లెస్ అసలు ఉపయోగం వేరేచోట ఉంది. రాళ్ళ మీద సైకిలు ఎగిరెగిరి పడుతున్నప్పుడు పాదం పెడల్ మీంచి చెదరదు. నిమిషానికి తొంభై, వంద చుట్లు తిప్పుతున్నా కాలు ఎక్కడుందో చూసుకోనక్కర్లేదు. ప్రతి అడుగూ ఒకేచోట పడుతుంది. నాలుగైదు గంటల సవారీలో, కాళ్ళు వణికే స్థితిలో, ఈ నమ్మకం చాలా విలువైనది.

బూటే సగం పెడల్

ఫ్లాట్ పెడల్ పట్టు పెడల్‌లో సగం, బూటులో సగం ఉంటుంది. 1985లో అమెరికాలో చార్లెస్ కోల్ స్థాపించిన ఫైవ్ టెన్ సంస్థ మొదట రాళ్ళెక్కేవాళ్ళకు బూట్లు చేసేది. నున్నటి బండను పట్టుకోవడానికి తయారుచేసిన ఆ మెత్తటి రబ్బరే తర్వాత ఫ్లాట్ పెడల్ బూట్లలోకి వచ్చింది. 2011లో అడిడాస్ ఆ సంస్థను కొన్నది. మంచి ఫ్లాట్ బూటుకు అడుగు చదునుగా ఉంటుంది, పిన్నులు దిగబడేటంత మెత్తగా ఉంటుంది, పాదం వంగిపోకుండా లోపల కాస్త బిరుసు ఉంటుంది. పరుగు బూటులో ఇవేవీ లేవు: అడుగు గుండ్రంగా, మెత్తగా, గాడులు గాడులుగా ఉండి పిన్నులకు దొరకదు. చెప్పులతో పిన్నుల పెడల్ తొక్కడం ప్రమాదం. పని సైకిళ్ళకు ఉండే నల్ల రబ్బరు దిమ్మెల పెడళ్ళు చెప్పులకోసం చేసినవి. వానలో తడిస్తే అవీ జారతాయి, మట్టిదారికి అవి చాలవు.

కొత్తవాళ్ళకు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫ్లాట్ పెడల్ మీద కాలు నిలవడం లేదని క్లిప్‌లెస్‌కు మారే ముందు బూటు మార్చి చూడండి. పిన్నుల్లేని ప్లాస్టిక్ పెడల్, అరిగిన క్యాన్వాసు బూట్లు, ఈ జతతో ఫ్లాట్‌ను తీర్పు చెప్పడం అన్యాయం. పలక కనీసం 100 మిల్లీమీటర్ల వెడల్పు, ఒక్కో వైపు ఎనిమిది నుంచి పన్నెండు పిన్నులు, మధ్యలో కాస్త పల్లం ఉన్న పెడల్ తీసుకోవాలి. నైలాను పెడల్ చవక. బండరాతికి తగిలినప్పుడు గీసుకుపోతుంది తప్ప పెద్దగా పట్టించుకోదు. అల్యూమినియం పెడల్ పలచగా, గట్టిగా ఉంటుంది, పిన్ను విరిగితే కొత్తది వేసుకోవచ్చు.

క్లిప్‌లెస్ బూటు సంగతి కృష్ణగిరి జిల్లాలో ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. రబ్బరు అడుగు అరిగేకొద్దీ క్లీట్ బయటికి తేలుతుంది. గ్రానైట్ బండ మీద సైకిలు తోసుకుంటూ ఎక్కుతున్నప్పుడు ఆ లోహం రాతికి తగిలి సర్రున జారుతుంది. పందేల కోసం చేసిన కార్బన్ అట్ట బూట్లయితే పాదం అసలు వంగదు. అందువల్ల ఇక్కడ క్లిప్‌లెస్ కావాలనుకున్నవాళ్ళు నడకకు అనువైన ట్రెయిల్ బూట్లనే ఎంచుకోవాలి. వాటికి రబ్బరు అడుగు మందంగా, క్లీట్ లోతుగా, ముందుభాగం కాస్త వంగేలా ఉంటుంది. బరువు కొంచెం ఎక్కువే. ఆ బరువు ఇక్కడి నేలకు చెల్లించక తప్పదు.

కాలు నేర్చే విద్య

ఫ్లాట్ పెడల్ మీద రాళ్ళ దిగుడు దిగేటప్పుడు మడమలు కిందికి దించాలి. అప్పుడు పెడల్ ముఖం వెనక్కి వాలి, శరీరం బరువంతా పాదాన్ని పెడల్‌లోకి నొక్కుతుంది. ఎంత కుదుపు వస్తే అంత గట్టిగా అతుక్కుంటుంది. పాదం మధ్యభాగానికి కాస్త ముందుగా ఇరుసు వచ్చేలా నిలబడితే పిక్కలు తక్కువ అలుస్తాయి. సైకిలును ఎగరేయాలంటే చేతులతో హ్యాండిలును ముందుకు తోస్తూ, కాలివేళ్ళు కిందికి తిప్పి పెడళ్ళను వెనక్కి నెట్టాలి. చక్రం దానంతటదే లేస్తుంది. క్లిప్‌లెస్‌తో మొదలుపెట్టినవాళ్ళు ఈ ఒడుపు నేర్చుకోకుండానే కాళ్ళతో సైకిలును పైకి లాగేస్తారు. పని జరిగినట్టే ఉంటుంది గాని, బరువును ముందుకూ వెనక్కూ సకాలంలో కదిపే నేర్పు రాదు. చాలామంది శిక్షకులు మొదటి ఏడాది ఫ్లాట్ మీదే తొక్కమనడానికి కారణం ఇదే. ఈ సలహాలో న్యాయం ఉంది.

ఫ్లాట్‌కు దాని ముప్పు దానికుంది. కాలు జారితే పిన్నులు ముంగాలిని గీసేస్తాయి, గాయం లోతుగా తెగుతుంది. ముంగాలికి కూడా వచ్చే మోకాలి కవచం వేసుకోవడం మంచి అలవాటు. పలక వెడల్పు కావడంతో బండల మధ్య పెడల్ రాతికి కొట్టుకునే అవకాశం కూడా క్లిప్‌లెస్ కంటే ఎక్కువ. శూలగిరి వైపు రాళ్ళబాటల్లో పెడళ్ళు అడ్డంగా సమానంగా ఉంచి దొర్లించడం అలవాటు చేసుకోవాలి.

క్లిప్‌లెస్ నేర్చేటప్పుడు పడటం దాదాపు ఖాయం, అదీ ఆగే వేళ, వేగం లేనప్పుడు. కాలు విడిపించడం గుర్తొచ్చేలోపే సైకిలు పక్కకు ఒరుగుతుంది. మొదట గోడ పట్టుకుని నిలబడి వందసార్లు బిగించి విడిపించాలి, తర్వాత గడ్డి మైదానంలో తిరగాలి, ఆ తర్వాతే మట్టిదారి. స్ప్రింగు బిగువును పెడల్ మీదుండే చిన్న మరతో, 3 మిల్లీమీటర్ల అల్లెన్ కీతో తగ్గించుకోవచ్చు. మొదట్లో బాగా వదులుగా పెట్టాలి. షిమానోలో మామూలుగా వచ్చే ఎస్‌హెచ్51 క్లీట్ మడమను పక్కకు తిప్పితేనే వదులుతుంది. ఎస్‌హెచ్56 క్లీట్ అయితే మరిన్ని దిశల్లో, పైకి గట్టిగా లాగినా వదిలేస్తుంది; కొత్తవాళ్ళకు ఇది తగినది. ఆగబోయే చోటు కంటే పది గజాల ముందే ఒక కాలు విడిపించుకోవడం, వాలు మీద ఎత్తువైపు కాలినే నేలకు దించడం కూడా నేర్చుకోవాలి.

మోకాళ్ళు, మరలు, మట్టి

క్లీట్ కొద్దిగా వంకరగా బిగిస్తే మోకాలు ఆ వంకరను వేల చుట్ల పాటు మోయాలి. సవారీ అయ్యాక మోకాలి లోపలి పక్కనో, బయటి పక్కనో నొప్పి మొదలైతే ముందు అనుమానించవలసింది క్లీట్ కోణాన్నే. విడిపోకుండా పాదం అటూ ఇటూ కదలగలిగే వెసులుబాటును ఫ్లోట్ అంటారు. షిమానో ఎస్‌పీడీలో ఇది సుమారు 4 డిగ్రీలు, క్రాంక్‌బ్రదర్స్‌లో 6 డిగ్రీలు. కూర్చుని కాళ్ళు వేలాడేసినప్పుడు పాదాలు సహజంగా ఏ వైపు తిరుగుతాయో చూసి క్లీట్‌ను ఆ కోణంలోనే బిగించాలి. దిగుళ్ళు ఎక్కువ తొక్కేవాళ్ళు క్లీట్‌ను మడమ వైపుకు కాస్త వెనక్కి జరుపుకుంటారు. ఫ్లాట్ మీద ఈ బాధ లేదు. పాదం తనకు కావలసిన చోటు తానే వెతుక్కుంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఇది చిన్న సౌకర్యం కాదు.

రెండు రకాల పెడళ్ళకూ క్రాంక్‌లోకి, అంటే పెడల్‌ను మోసే కమ్మీలోకి, వెళ్ళే మర ఒకటే: 9/16 అంగుళం, అంగుళానికి 20 చుట్లు. పిల్లల చవక సైకిళ్ళలో మాత్రం అర అంగుళం మర కనిపిస్తుంది. ఎడమ పెడల్‌కు మర తిరగేసి ఉంటుంది. తొక్కుతున్నప్పుడు బేరింగు మీద పడే బలం ఇరుసును నెమ్మదిగా వ్యతిరేక దిశలో పొర్లిస్తుంది. మామూలు మర అయితే ఎడమ పెడల్ దారిలోనే ఊడిపోతుంది. గుర్తు పెట్టుకోవడం సులువు: స్పానర్ పైకి చూస్తుండగా ముందు చక్రం వైపు తిప్పితే రెండు పెడళ్ళూ బిగుస్తాయి, వెనక చక్రం వైపు తిప్పితే వదులవుతాయి. 15 మిల్లీమీటర్ల స్పానర్ గాని, ఇరుసు చివర 6 లేదా 8 మిల్లీమీటర్ల అల్లెన్ కీ గాని కావాలి. మరకు గ్రీజు పూయకుండా బిగించవద్దు. అల్యూమినియం క్రాంక్, ఉక్కు ఇరుసు ఏళ్ళ తరబడి తడిలో కలిసి ఉంటే ఒకదానికొకటి పట్టేసుకుంటాయి. క్రాంక్ మర చెడితే దాన్ని పారేయనక్కర్లేదు. రంధ్రం పెద్దది చేసి లోపల కొత్త మర గొట్టం దించే పని మూకండపల్లి లాంటి చోట లేతు తెలిసిన చేతులకు కష్టం కాదు. ఎడమ పక్కకు తిరగేసిన మర కావాలన్న సంగతి మాత్రం ముందే చెప్పాలి.

వానాకాలపు ఎర్రమట్టి క్లిప్‌లెస్‌కు పరీక్ష. క్లీట్ గుంటలో మట్టి గట్టిపడితే కాలు బిగుసుకోదు. పెడల్ అంచుకు బూటు తాటించి విదిల్చుకోవాలి. సవారీకి ముందు క్లీట్ మీద ఒక చుక్క పొడి నూనె వేస్తే మట్టి తక్కువ అతుకుతుంది. క్రాంక్‌బ్రదర్స్ ఇత్తడి క్లీట్లు మెత్తన, ఇసుక నేలలో త్వరగా అరుగుతాయి. షిమానో ఉక్కు క్లీట్లు ఎక్కువ కాలం నిలుస్తాయి. అరిగిన క్లీట్‌తో రెండు ప్రమాదాలు: అనుకోనప్పుడు ఊడటం, అనుకున్నప్పుడు ఊడకపోవడం. ఫ్లాట్ పెడల్‌కు కావలసిన సేవ స్వల్పం. వదులైన పిన్నులు బిగించుకోవాలి, ఏడాదికోసారి ఇరుసు విప్పి గ్రీజు మార్చాలి.

ఒక వైపు చదునుగా, రెండో వైపు ఎస్‌పీడీ దవడతో వచ్చే పెడళ్ళూ ఉన్నాయి. వారమంతా మామూలు బూట్లతో ఫ్యాక్టరీకి, ఆదివారం క్లీట్ బూట్లతో కృష్ణగిరి డ్యాం దాకా ఒకే సైకిలు మీద తారురోడ్డున వెళ్ళేవాళ్ళకు ఇవి బాగా ఉపయోగపడతాయి. రాళ్ళబాటకు పనికిరావు. కాలు దించిన వెంటనే సరైన వైపు పైకి ఉండాలన్నది అక్కడి అవసరం. దీనిలో ప్రతిసారీ కిందికి చూసుకోవాలి. దవడల చుట్టూ చిన్న పలక ఉన్న ట్రెయిల్ క్లిప్‌లెస్ పెడళ్ళు అంతకంటే నయం. అయస్కాంతంతో పట్టే పెడళ్ళు కూడా వచ్చాయి గాని, ముక్కలైన బండల మీద వాటి పట్టు చాలదు.

ఎవరికి ఏది

హోసూరు, కృష్ణగిరి మట్టిదారుల్లో కొత్తగా తొక్కేవాళ్ళకు, గుట్టల మీద రాళ్ళ దిగుళ్ళు ఇష్టపడేవాళ్ళకు, దారి తెలియని చోట తోసుకుంటూ నడిచేవాళ్ళకు, పిల్లలకు పిన్నులున్న ఫ్లాట్ పెడల్, దానికి తగిన బూటు సరైన ఎంపిక. పొద్దున్నే పొలాల అంచున ఏనుగు జాడ కనబడి వెంటనే కాలు దించి వెనక్కి మళ్ళవలసిన పరిస్థితిలోనూ ఫ్లాటే మేలు. క్రాస్‌కంట్రీ పందేలకు సిద్ధమయ్యేవాళ్ళు, యాభై అరవై కిలోమీటర్లు ఆగకుండా తొక్కేవాళ్ళు, హోసూరు నుంచి కృష్ణగిరికి దిగి అదే రోజు తిరిగి ఎక్కేవాళ్ళు క్లిప్‌లెస్ నేర్చుకోవాలి. అదీ ఫ్లాట్ మీద మడమలు దించడం, సైకిలు ఎగరేయడం వచ్చిన తర్వాత. చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతే ఖరీదైన పెడల్ కంటే ముందు మంచి బూటు కొనండి.